సెలూను వెనక ముళ్ళపొద

మా వదిన ఏదైనా నిర్ణయం తీసుకుంటే ముందు నాకు చెప్పదు, తన తమ్ముడైన మా ఆయనకీ చెప్పదు. సెలూనులో అద్దం ముందు కూర్చున్న ఎవరో ఒక గిరాకీకి చెబుతుంది. మెడ చుట్టూ గుడ్డ, చెవి పక్కన కత్తెర ఉన్న మనిషి కదల్లేడు, కాదనలేడు. కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క. పెరట్లో ఉన్న నా ముళ్ళపొదని పీకించి టైల్స్ వేయించబోతున్న సంగతి నాకు తెలిసింది కూడా అలాగే. వెనక గదిలో మిషను మీద ఎవరిదో ప్యాంటు పొడుగు తగ్గిస్తున్నాను. మధ్య తలుపు తెరిచే ఉంది.

"ఐదేళ్ళ నుంచి మేపుతున్నాం. ఒక్క పండు లేదు. చేతులు గీరుకుపోవడం తప్ప దానివల్ల ఒరిగిందేముంది? మేస్త్రిని పిలిచి చక్కగా టైల్స్ వేయించేస్తే రెండు బెంచీలు పడతాయి. వచ్చినవాళ్ళు నిలబడక్కర్లేదు" అంటోంది వదిన.

మా ఆయన కత్తెర చప్పుడు ఆగలేదు. ఆయన నోరు మెదపలేదు. మెదపడు కూడా. చిన్నప్పుడు తల్లి పోతే ఆయన్ని పెంచింది ఈ అక్కే. పని నేర్పించింది, సెలూను పెట్టించింది, ఇప్పటికీ గిరాకీల వరస చూసేది ఆవిడే. ముందు సెలూను, దాని వెనక ఒక పక్కకి మా ఇల్లు, మేడ మీద వదిన, మిగతాదంతా గోడ దాకా పెరడు. ఆ పెరట్లో గోడ వారగా నా పొద. ఆ ఇంట్లో నాదంటూ చెప్పుకోవడానికి మిషను తర్వాత ఉన్నది అదొక్కటే.

నాకు ముక్కు మీదే కోపం. అయినా ఆ రోజు వెంటనే లేచి వెళ్ళలేకపోయాను. వదిన అన్నదాంట్లో అబద్ధం లేదు మరి. నిజంగానే ఒక్క పండూ కాయలేదు.

మా నాన్న ఈ ఊళ్ళోనే రైలు గేటు దగ్గర పనిచేసేవాడు. పట్టాల పక్క కంచె పొడుగునా ఈ ముళ్ళతీగలు వాటంతట అవే పెరిగేవి. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు, ఈ నేలలో పుట్టిన మొక్కలవి. వేసవి ముందు తెల్లటి పూలు పూసి, పచ్చటి కాయలు కాసి, అవి ఎర్రబడి, చివరికి నల్లటి గుత్తులయ్యేవి. పుస్తకాల్లో దానికి ఏం పేరుందో గానీ మేం ముళ్ళపండనే అనేవాళ్ళం. నర్సరీలో ముళ్ళు లేని రకం అమ్ముతారు, అది తెచ్చుకోమని వదిన ఎన్నోసార్లు సలహా ఇచ్చింది. ఆ పళ్ళు బొటనవేలంత ఉంటాయి, తింటే నీళ్ళు తాగినట్టుంటుంది. మాది గోరంత పండు. నోట్లో వేసుకుంటే ముందు పులుపుకి కళ్ళు మూతపడతాయి, ఆ వెనకే తీపి వచ్చి కళ్ళు తెరిపిస్తుంది.

కంచె తీసేసి కాంక్రీటు గోడ కట్టినప్పుడు ఆ తీగలన్నీ తవ్వి పారేశారు. ఆ కబురు విని పరుగెత్తుకెళ్ళేసరికి ఒక్క కొమ్మ మిగిలింది. నేలకి వంగి, కొన మట్టిలో వేరు దిగిన కొమ్మ. మట్టిగడ్డతో సహా తవ్వి తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. తర్వాత ఊళ్ళో నేను వెతకని సందు లేదు, ఆ మొక్క ఇంకెక్కడా కనబడలేదు. ఇది కూడా పోతే ఇక అంతే.

సేవలో నేనేం లోటు చెయ్యలేదు. కుట్టగా మిగిలిన అంచు పేలికలతో కొమ్మల్ని ఇనుపతీగకి కట్టాను. సెలూనులో ఊడ్చిన జుట్టంతా పొద మొదలు చుట్టూ మందంగా పరిచేదాన్ని. మట్టి తడి ఆరదు, నత్తలు దగ్గరికి రావు. మా పేటలో సగంమంది మగవాళ్ళ జుట్టు ఆ పొద కిందే ఉంది. వాళ్ళలో చాలామంది తలల మీద ఇప్పుడు అంత లేదు.

ఇక మా ఆయన సేవ వేరు. చలికాలం వెళ్ళే ముందు ఒక సెలవు రోజు చూసుకుని, చేతికి రెండు జతల తొడుగులు వేసుకుని పెరట్లోకి దిగేవాడు. పొద చుట్టూ ఒకసారి తిరిగేవాడు. వెనక్కి జరిగి, తల పక్కకి వంచి, కుర్చీలో కూర్చున్న మనిషిని చూసినట్టు చూసేవాడు. తర్వాత మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా పొద మొత్తం నేలమట్టం. పైన చెయ్యి పెట్టి నిమిరితే ఎక్కడా ఎగుడు దిగుడు ఉండేది కాదు.

"కత్తిరించిన కొద్దీ గుబురుగా వస్తుందే. నా చేతిలో ఎన్ని తలలు చూశాను!" అనేవాడు.

వానలు పడగానే పొద నిజంగానే ఇంతకు ముందుకన్నా గుబురుగా వచ్చేది. ఆయన మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. నేనూ మురిసిపోయేదాన్ని. పండు మాత్రం లేదు. మట్టి మంచిది కాదనుకున్నాం, ఎండ చాలదనుకున్నాం, వదిన కళ్ళు పడ్డాయని నేను లోలోపల అనుకున్నాను.

టైల్స్ మాట విన్న రెండు రోజులకి, గోడ అవతల సైకిల్ షాపు వాళ్ళ కర్టెన్లు కుట్టడం అయిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. మెకానిక్ ట్యూబుకి పంక్చర్ వేస్తూ తలెత్తి నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"మీ పళ్ళు భలే ఉన్నాయండీ" అన్నాడు.

నా పళ్ళ గురించి ఇతనికెందుకని ఒళ్ళు మండింది. "ఏ పళ్ళు?" అన్నాను, గొంతు పెంచి.

"అదేనండీ, గోడ మీంచి ఇటు వాలినవి. మా వైపే కదా అని పిల్లలూ నేనూ తినేశాం. అడగాల్సింది. ఏమీ అనుకోకండి."

చేతిలో కర్టెన్లు సైకిల్ సీటు మీద పడేసి గోడ దగ్గరికి పరుగెత్తాను. మా పెరటి వైపు నుంచి గోడ ఎక్కి ఇటు దిగిన పొడుగాటి కొమ్మ ఒకటి వేలాడుతోంది. దాని నిండా పండు కోసేసిన తొడిమలు, ఎండి చుక్కల్లా ఉన్నాయి.

"ఒక్కటి, ఒక్కటైనా మిగల్చలేదా?"

"పోయిన వారమే అయిపోయాయండీ."

ఇంటికొచ్చి ఆ కొమ్మ ఎక్కణ్ణుంచి బయలుదేరిందో చూశాను. పెరట్లో మూల నీళ్ళ డ్రమ్ము ఉంది. దాని వెనక సందులోంచి లేచి, గోడ పట్టుకుని పైకి పోయింది. మా ఆయన కత్తెర ఆ సందులోకి పోదు. మిగతా కొమ్మలన్నీ లేత పచ్చగా ఉన్నాయి, ఈ ఏడు మొలిచినవి. ఇదొక్కటే గోధుమరంగు తిరిగి, ముదిరి, వేలు మందాన ఉంది. పోయిన ఏడాది కొమ్మ. నేను అక్కడే డ్రమ్ముకి ఆనుకుని కూలబడ్డాను. ఈ మొక్క మొదటి ఏడు కొమ్మ వేస్తుంది, రెండో ఏడు ఆ కొమ్మకే పండు కాస్తుంది. అది పూతకి రాకముందే ప్రతి ఏడూ మేం శుభ్రంగా క్రాపు చేసి పారేస్తున్నాం! ఒకపక్క ఏడుపొచ్చింది, ఒకపక్క ఎగిరి గంతెయ్యాలనిపించింది. రెండూ కలిసి గట్టిగా నవ్వాను.

మా ఆయనకి చూపించాను. కొమ్మని చూశాడు, పొదని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు.

"అంటే ఇన్నేళ్ళూ... నేనేనా?" అన్నాడు.

"మీరే" అన్నాను. ఆయన ముఖం చూస్తే జాలేసింది గానీ, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వదిన ఒక పట్టాన నమ్మలేదు. "సైకిలాయన తిన్నాడంటే నేను నమ్మాలా? ఆయన మొన్న నా స్కూటీకి గాలి కొట్టానన్నాడు, వీధి మలుపు తిరిగేసరికి లేదు. నా కళ్ళతో చూడాలి, నా నోటితో తినాలి" అంది.

"వచ్చే వేసవిలో తిందురు గాని. అప్పటిదాకా మేస్త్రిని పిలవకండి."

"తినిపించకపోతే?"

"నా చేతులతో నేనే పీకేస్తాను." కోపంలో అనేశాను.

"సరే. వచ్చే వేసవిలో మేస్త్రి పెరట్లో అడుగుపెట్టే రోజుకి పండు ఉండాలి. పండు అంటున్నాను. పిందె కాదు, కాయ కాదు" అంది వదిన. మా ఆయన ఆవిడ వైపు తిరిగి "సరే అక్కా" అన్నాడు, నా వైపు తిరిగి "సరేనే" అన్నాడు. ఇద్దరికీ న్యాయం చేశానన్న తృప్తితో వెళ్ళి కత్తెరలు తుడుచుకున్నాడు.

వానలొచ్చాయి. కొమ్మలు నా ఎత్తు దాటి, వంగి, ఎటు పడితే అటు చేతులు చాపాయి. అసలు చిక్కేమిటంటే, సెలూను వెనక కిటికీలోంచి ఆ పొద నేరుగా పెద్ద అద్దంలో పడుతుంది. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ తన ముఖం పక్కనే అది కనబడుతుంది.

"ముందు దాని సంగతి చూడు గురూ, నాకు తర్వాత చేద్దువు గాని" అనేవాడొకడు.

"నీ ఇంట్లోనే ఇలా ఉంటే నా తల నీ చేతిలో ఎలా పెట్టను?" అనేవాడింకొకడు.

మా ఆయన చెవులు ఎర్రబడేవి. గిరాకీ లేనప్పుడు కాలుగాలిన పిల్లిలా కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగేవాడు. నిద్రలో వేళ్ళు ఆడించేవాడు. ఊళ్ళో అందరి జుట్టూ సవరించే మనిషికి తన పెరట్లో అంత చింపిరి తలని ఊరికే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో నాకూ తెలుసు. పిలిచి మంచిమాటలే చెప్పాను. కత్తెరలన్నీ లెక్క పెట్టుకుని మరీ చెప్పాను.

అయినా ఒకరోజు దారపుండలు కొనడానికి బజారుకెళ్ళి వచ్చేసరికి ఆయన పొద ముందు నిలబడి ఉన్నాడు. నోట్లో దువ్వెన, చేతిలో కత్తెర. కాళ్ళ దగ్గర లేత కొనలు రాలి ఉన్నాయి.

"మిమ్మల్ని నమ్మినందుకు నన్ను అనాలి! ఆవిడ కళ్ళు చల్లబడతాయి, వెళ్ళి చెప్పండి!" అని వీధంతా వినబడేలా అరిచాను.

"కొనలేనే. కొనలు మాత్రమే. లోపల ముట్టుకోలేదు, ఒట్టు. ఆ పొడుగు చూస్తే తట్టుకోలేకపోయాను" అన్నాడు దువ్వెన తీసి.

ఆ తర్వాత ఆయనతో మాట్లాడ్డం మానేశాను. టీ గ్లాసు ఆయన ముందు పెట్టిన ప్రతిసారీ చప్పుడు మేడ మీదకి వినబడేది. వదిన ఎందుకో ఆ రోజుల్లో చాలా హుషారుగా ఉండేది. కొనలు తెగిన కొమ్మల దగ్గరికి వెళ్ళి రోజూ చూసేదాన్ని, ఎండిపోతాయేమోనని. అవి ఎండలేదు. పైకి పోవడం మానేసి పక్కలకి చీలడం మొదలుపెట్టాయి. ఒక్కో కొమ్మకి నాలుగైదు పిల్లకొమ్మలు. అవి మంచికో చెడుకో నాకు తెలియలేదు. తెలియనిదాని మీద ఎంతకాలమని కోపగించుకుంటాం? ఒకరోజు గ్లాసు నెమ్మదిగానే పెట్టాను.

చలికాలంలో ఆకులు రాలి పొద ఉత్త ముళ్ళ చిక్కులా మిగిలింది. అది కత్తిరింపుల కాలం. ఆ సెలవు రోజు మా ఆయన పొద్దున్నే లేచి, రెండు జతల తొడుగులూ తెచ్చి నా చేతిలో పెట్టి, "దాచెయ్యి, కనబడనియ్యకు" అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఇద్దరం కలిసి, కొమ్మల్ని ఒక్కొక్కటీ విడదీసి, విసనకర్ర పరిచినట్టు గోడ మీది తీగలకి కట్టాం. మోచేతుల దాకా గీరుకుపోయాయి. నెత్తుటి చారలతో ఆయన గెడ్డాలు గీస్తుంటే గిరాకీలు కాస్త భయపడ్డారట.

ఎండలు ముదరకముందే మొగ్గలొచ్చాయి. తర్వాత పొద తెల్లబడిపోయింది. అన్ని పూలు నేను రైలు కంచె దగ్గర కూడా చూడలేదు. తేనెటీగలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, మిషను చప్పుడు మీద వాటి చప్పుడు వినబడేది. దగ్గరికెళ్ళి చూస్తే, పూలు ఎక్కువగా ఉన్నది కొనలు తెగిన కొమ్మల పిల్లకొమ్మల మీదే. మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించి, "మీ కత్తెర మంచిదే. ఎక్కడ ఆపాలో తెలియలేదంతే" అన్నాను. ఆయన గాల్లో తేలిపోయాడు. ఆ రోజు నుంచి కుర్చీలో కూర్చున్నవాడు అడిగినా అడక్కపోయినా అద్దంలో పొదని చూపించి, "మన పనే" అనేవాడు.

పూలు రాలాయి, పిందెలు కట్టాయి, కాయలు ఎర్రబడ్డాయి. ఇంకొక్క వారం ఎండ తగిలితే నల్లబడతాయి. కదిపితే రాలిపోతాయేమోనని నేను ముందువైపు నుంచి చూడ్డమే తప్ప లోపల చెయ్యి పెట్టలేదు. ఆ వారం గడవకముందే, ఒకనాడు పొద్దున్న మేస్త్రి ఇసుక బస్తా భుజానేసుకుని పెరట్లోకి వచ్చేశాడు. వెనకాల వదిన, కొత్త జాకెట్టు తొడుక్కుని, చేతిలో కర్ర పట్టుకుని.

"వదినా, వచ్చే వారం అన్నారు!"

"అతనికి ఇంకోచోట పని తప్పిపోయింది, ముందే వచ్చాడు. మేస్త్రి అడుగుపెట్టే రోజుకి అనుకున్నాం. అడుగుపెట్టాడు" అంది. పొద వైపు కర్ర చూపించింది. "అన్నీ ఎరుపే. ఎర్రటివి పళ్ళా?"

"కాదు, కానీ..."

"కాదు కదా. మాట మాటే. నువ్వే పీకుతానన్నావు."

అన్నది నేనే. పీకాల్సింది నేనే. ఒక్క వారం, వారం రోజుల ఎండ!

"అక్కా, ఇవాళ వద్దు" అని వినబడింది.

వెనక తలుపులో మా ఆయన. చేతిలో బ్రష్షు, దాన్నించి నురగ కారుతోంది. కిటికీలోంచి సగం గెడ్డం గీసిన గిరాకీ తొంగి చూస్తున్నాడు.

"ఏమన్నావు?" అంది వదిన.

"వద్దన్నాను. ఇన్నేళ్ళూ దాన్ని కాయనివ్వకుండా చేసింది నేను. పీకితే నన్ను పీకు. దాన్ని వదిలెయ్యి." తలుపులోంచి కదల్లేదు.

"నాకే ఎదురు చెబుతున్నావా?"

"చెబుతున్నా" అన్నాడు. అని, జాగ్రత్త కోసం ఒకడుగు వెనక్కి వేశాడు.

వదిన ముఖం కందగడ్డయింది. "ఇద్దరూ ఒకటయ్యారా? సరే, చూద్దాం. ఏదీ పండు? ఎక్కడ? పైన లేదు, కింద లేదు, లోపలుందా? లోపలా లేదని అందరూ చూడండి" అంటూ కర్రతో ముందు కొమ్మని పైకెత్తి, ఎడమ చెయ్యి భుజం దాకా పొదలోకి దూర్చి ఆకులు తప్పించింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. మాట కూడా ఆగిపోయింది. వదిన మాట మధ్యలో ఆగడం మా ఆయన పుట్టాక ఎప్పుడూ చూడలేదట.

నేను వెళ్ళి ఆవిడ పక్కన వంగి చూశాను. గోడ రోజంతా కాగుతుంది కదా, ఆ వేడికి గోడ వైపు గుత్తులు ముందే పండిపోయాయి. నల్లగా, బరువుగా, ఆకుల చాటున ఎన్నో. మా కళ్ళకి ఎదురుగా ఉన్నవన్నీ ఎరుపు, చేతికి అందని చోటంతా నలుపు!

వదిన చప్పున చెయ్యి వెనక్కి లాగబోయింది. రాలేదు. ఈ ముళ్ళు లోపలికి పోనిస్తాయి, బయటికి రానివ్వవు. ఆ జాకెట్టుకి పొడుగాటి లేసు చేతులు. లేసే కావాలని పట్టుబట్టి పోయిన నెల నాచేతే కుట్టించుకుంది.

"కదలకండి వదినా. లాగితే పీలికలైపోతుంది" అన్నాను.

సూది పట్టుకునే చేతులు నావి. ఒక్కో ముల్లు దగ్గరా దారం పోగు ఎటు పోయిందో చూసి, వదులు చేసి, ఆ ముల్లు విడిపించి, ఇంకోదాని దగ్గరికి. ఎంత శ్రద్ధగా తీశానంటే, నా జీవితంలో ఏ బట్ట మీదా అంత సమయం పెట్టలేదు.

ముళ్ళలో ఇరుక్కుని, పొదలోకి ముఖం పెట్టి, వదిన నిలబడింది. ఒక గుత్తి సరిగ్గా ఆవిడ ముక్కు ముందు ఉంది.

"పండో కాయో మీరే చెప్పండి. మీ నోటితోనే అన్నారుగా" అన్నాను.

కర్ర కింద పడేసింది. కుడి చేత్తో ఒకటి ముట్టుకుంది. ముట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది, అంత పండింది. నోట్లో వేసుకుంది. పులుపుకి కళ్ళు గట్టిగా మూసుకుంది. కళ్ళు నెమ్మదిగా తెరుచుకున్నాయి. ఇంకోటి కోసుకుంది. తర్వాత ఇంకోటి.

కిటికీలోంచి సగం గెడ్డం, "ఎలా ఉందండీ?" అని అరిచింది.

"నోరు మూసుకుని గెడ్డం గీయించుకో" అంది వదిన, నోటి నిండా పళ్ళతో. తర్వాత తల తిప్పకుండానే, "మేస్త్రీ, ఆ ఇసుక తీసుకెళ్ళిపో" అంది.

"మళ్ళీ ఎప్పుడు తెమ్మంటారమ్మా?"

"తేవద్దు. ఇక్కడ టైల్స్ పని లేదు."

నేను గెలిచాను. నా పొద గెలిచింది. వీధిలోకి పరుగెత్తి కనబడిన ప్రతివాడికీ చెప్పాలనిపించింది. మా ఆయన నురగ కారుతున్న బ్రష్షు పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు, కళ్ళల్లో నీళ్ళతో. నా కళ్ళూ మసకబారాయి. అయినా చేతిలో పని వదల్లేదు.

"అయిందా?" అంది వదిన. పెదాలు, గడ్డం, ముక్కు కొన, అంతా ఊదారంగు.

"ఇంకొక్క ముల్లుంది వదినా" అన్నాను.

అబద్ధం. చివరి ముల్లు ఎప్పుడో ఊడొచ్చింది. లేసు చెయ్యి ఊరికే ఆకుల మీద ఆని ఉంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"నెమ్మదిగానే తియ్యి, తొందరేం లేదు" అంటూ వదిన పక్క గుత్తి మీదికి వంగింది.